మా ఊరికి ఒక జట్టు ఉండేది

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నప్పుడు మా అబ్బాయి చాలా బాధపడ్డాడు. "ఒక ఊరి జట్టు ఇలా ఇంకో ఊరికి వెళ్లిపోవడం ఎక్కడైనా ఉందా నాన్నా?" అని అడిగాడు. వాడికి ఏం చెప్పను? ఆ జట్టు పుట్టిందే పుణె జట్టు మూతపడ్డ చోట, 2019లో. వచ్చిన దారినే పోయింది. అయినా ఈ నగరంలో ఫుట్‌బాల్ జట్లు కనుమరుగు కావడం కొత్త విషయమా? నా చిన్నతనమంతా అలా కనుమరుగైన ఒక జట్టు కథలు వింటూనే గడిచింది. ఆ కథలు చెప్పింది మా మామయ్య.

మామయ్య కాచిగూడలో ఉండేవాడు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఫైళ్ల గురించి ఇంట్లో ఏనాడూ మాట్లాడినట్టు గుర్తులేదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎవరు గెలిచారో మాత్రం అడగకపోయినా చెప్పేవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ ఐదు అనే మాటను ఆయన పలికే తీరు వేరుగా ఉండేది. మధ్యలో ఒక క్షణం ఆగి, ఎదుటివాడికి అది ఎక్కిందో లేదో చూసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. వరసగా ఐదుసార్లు ఆ కప్పు గెలిచినవాళ్లు మరొకరు లేరు. ఇక ఉండే అవకాశమూ లేదు, 2000-01 తర్వాత ఆ పోటీయే ఆగిపోయింది.

ఆ తొలి ఏడాదే, 1950లోనే, ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారు. తర్వాత 1954లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ పోలీసుగా పేరు మారాక 1961లో మళ్లీ డ్యూరాండ్. మధ్యలో 1957లో, 1960లో రోవర్స్. దేశంలో పెద్ద పోటీ ఎక్కడ జరిగినా కలకత్తా జట్లు ముందుగా ఆరా తీసేది ఈ పోలీసుల గురించేనని మామయ్య అనేవాడు. కొంత గొప్పలు కలిపి ఉండవచ్చు. కప్పుల లెక్క చూస్తే మరీ ఎక్కువ కలిపినట్టు అనిపించదు.

నాకు చిన్నప్పుడు ఒకటి అర్థమయ్యేది కాదు. పోలీసు జట్టును జనం అంతగా ఎలా ప్రేమించారు? మా వీధిలో పోలీసు కనిపిస్తే పెద్దవాళ్లు కూడా అవతలి పక్కకు తప్పుకునేవారు. అడిగితే మామయ్య నవ్వాడు. "వాళ్లు పోలీసులై ఫుట్‌బాల్ ఆడలేదురా. ఫుట్‌బాల్ ఆడితే పోలీసులయ్యారు" అన్నాడు. అసలు సంగతంతా అదే. మల్లేపల్లిలోనో బార్కస్‌లోనో కాళ్లకు చెప్పులు లేకుండా ఆడే కుర్రవాడికి ఆటలో చురుకు ఉంటే, పోలీసు శాఖలో చిన్న ఉద్యోగం వచ్చేది. నెల జీతం, యూనిఫారం, ఇంట్లో అందరికీ తిండి. ఆ జట్టులో ఆడేది పక్క వీధి అబ్బాయి. టోపీ మాత్రమే ప్రభుత్వానిది.

బార్కస్ అంటే నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట. బ్యారక్సులు అన్న మాటే అలా మారిందంటారు. అక్కడ పిల్లలకు బంతి అంటే ఫుట్‌బాలే. క్రికెట్ బంతి చాలా ఆలస్యంగా చేరింది ఆ పేటకు. అటు సికింద్రాబాద్ వైపు కథ ఇంకోటి. బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లలో తెల్ల సైనికులు ఆడే ఆటను చూసి, అక్కడ స్థిరపడిన తమిళ, తెలుగు కుటుంబాల పిల్లలు పట్టేశారు. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ లాంటి చిన్న క్లబ్బులు అక్కడివే. పీటర్ తంగరాజ్ మొదట ఆడింది వాటిలోనే. ఆయన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరినప్పుడు సెంటర్ ఫార్వర్డ్. తర్వాత గోల్‌కీపర్ అయ్యాడు, ఆసియా మొత్తం మెచ్చుకునే గోల్‌కీపర్. హుస్సేన్ సాగర్‌కు అటూ ఇటూ ఉన్న ఈ రెండు ఊళ్లు ఉర్దూలో ఒకటి, తమిళ యాసలో ఒకటి ఫుట్‌బాల్ మాట్లాడుకునేవి. కలిసేది ఫతే మైదాన్‌లో.

1687లో గోల్కొండను ముట్టడించిన మొఘల్ సేనలు విడిది చేసిన చోటది. గెలిచాక ఫతే మైదాన్ అయింది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు, వాడుకలో ఎల్బీ స్టేడియం అయింది. మామయ్య మాత్రం చివరిదాకా ఫతే మైదాన్ అనే అన్నాడు. ఆటో డ్రైవర్లకు అర్థం కాకపోతే వాళ్లతో వాదనకు దిగేవాడు, దిగాల్సిన చోటు దాటిపోయేదాకా.

ఆయన చదివింది చాదర్‌ఘాట్ హైస్కూలులో. అక్కడ పాఠాలు చెప్పిన మాస్టార్లలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. ఈ పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు, 2024లో హిందీలో ఆయన మీద సినిమా వచ్చాక. అంతకుముందు నేను ఎవరికైనా చెబితే "ఎవరాయన?" అనేవారు. 1909లో పుట్టి, బడిపంతులుగా పనిచేసి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీసుకూ, భారత జట్టుకూ శిక్షకుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు.

పతకాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. మామయ్యకు ఆ పతకాలకన్నా రహీం గారు ఊళ్లో పెట్టించిన వింత పోటీల మీద ఎక్కువ మక్కువ. ఒక పోటీలో ఎడమ కాలివాటం ఉన్నవాడు కుడి కాలితోనే ఆడాలి, కుడి కాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే. ఇంకో పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని పరుగెత్తడం నిషేధం, అందిన వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి. తలచుకుంటే నవ్వు వస్తుంది గానీ, గల్లీలో ఒంటరిగా పదిమందిని తప్పించి చప్పట్లు కొట్టించుకునే కుర్రవాళ్లను జట్టుగా మార్చింది ఆ పోటీలే. బంతి కంటే వేగంగా పరుగెత్తే మనిషి లేడు, కాబట్టి బంతినే పరుగెత్తించాలి. ఈ చిన్న సూత్రాన్ని పిల్లలకు ఉపన్యాసంగా చెప్పకుండా, ఆట నియమంగా పెట్టాడు ఆ పంతులు. నాకు తెలిసిన మంచి ఉపాధ్యాయులందరిలో ఈ గుణం ఉంది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1 తేడాతో ఓడిపోయారు. చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టయ్యారు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికర్, బలరాం, ఇలా మన నగరం పేర్లు వరసగా ఉంటాయి. ఆ రోజుల్లోనే హైదరాబాద్ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా రెండుసార్లు వరసగా గెలిచింది, 1956-57లో, 1957-58లో. రెండుసార్లూ ఫైనల్‌లో ఓడింది బొంబాయే. రెండో ఫైనల్ మన ఊళ్లోనే జరిగింది. మామయ్య ఆ మ్యాచ్‌కు వెళ్లాడు. ఆఫీసులో ఏ అబద్ధం చెప్పి వెళ్లాడన్నది ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. అత్తయ్యకైతే ఆ కథల్లో ఒక్కదాని మీదా నమ్మకం లేదు.

తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రవాడు. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు శిక్షణకు రావడానికి డబ్బుల్లేకపోతే రహీం గారే అద్దె సైకిలుకు డబ్బులిచ్చారని చెప్పుకుంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్ కొట్టింది ఆయనే. జకార్తా స్వర్ణ జట్టులోనూ ఉన్నాడు. జబ్బు చేసి ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికే ఆయన మన ఊరివాడు కాదు. 1957లోనే ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. చివరిదాకా బెంగాల్‌లోనే ఉండి, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు.

ఇక్కడి నుంచి మామయ్య గొంతు మారేది. కలకత్తా అన్న మాట వస్తే చాలు, ఇంట్లో ఆడపిల్లను ఇచ్చిన ఊరి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. కోపమూ ఉండేది, గొప్పా ఉండేది. పోలీసు ఉద్యోగం ఇచ్చే జీతానికీ కలకత్తా పెద్ద క్లబ్బులు చూపించే డబ్బుకూ, అక్కడి అరవై డెబ్బై వేలమంది ప్రేక్షకుల కేకలకూ పోలిక లేదు. 1966లో నయీముద్దీన్, హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. వాళ్ల తర్వాత అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. అక్కడ దిగాక ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, ఏ చొక్కా అయినా సరే. అదే ఏడాది ముగిసిన సంతోష్ ట్రోఫీని, 1965-66ది, ఆంధ్రప్రదేశ్ గెలిచింది, ఫైనల్‌లో బెంగాల్‌ను ఓడించి. ఆ తరంలో మన ఊరికి చివరి పెద్ద కప్పు అదే. గెలిచినవాళ్లు ఇక్కడ, వాళ్లను కొనగలిగినవాళ్లు అక్కడ.

నేను ఊహ తెలిసి చూసిన ఫుట్‌బాల్ ఈ కాలం తర్వాతిది. మామయ్య వెంట సైకిలు వెనక కూర్చుని వెళ్లేవాడిని, ఫతే మైదాన్‌కో సికింద్రాబాద్ జింఖానా మైదానానికో. లీగు మ్యాచ్‌లు. ఒక పక్క పోలీసు, రైల్వే, సైన్యం వాళ్ల ఈఎంఈ, ఏఓసీ, బ్యాంకుల జట్లు. ఇంకో పక్క సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ లాంటి క్లబ్బులు. చూసేవాళ్లలో సగంమంది మాజీ ఆటగాళ్లు, మిగతా సగం వాళ్లతో వాదించడానికి వచ్చినవాళ్లు. పల్లీలు అమ్మే ముసలాయన కూడా ఆఫ్‌సైడ్ మీద తీర్పు చెప్పేవాడు, చాలాసార్లు రెఫరీకన్నా ముందుగా. నాకు ఆట కన్నా ఆ జనం ఎక్కువ నచ్చేవారు. ఉర్దూలో తిట్లు అంత మర్యాదగా ఉంటాయని అక్కడే తెలిసింది.

కలకత్తా కబుర్లు ఉర్దూ పత్రికల్లో వచ్చేవి. మామయ్య చదివి వినిపించేవాడు. 1976లో కలకత్తా లీగులో ఈస్ట్ బెంగాల్ మీద అక్బర్ పదిహేడో సెకనులో గోల్ కొట్టాడు, మోహన్ బగాన్ తరఫున. ఆ గోల్‌తోనే మ్యాచ్ తేలిపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. మోహన్ బగాన్‌తో ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. మనవైపు రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఆ వారమంతా మా బడిలో ప్రతి ఒక్కడూ హబీబ్‌కు చుట్టమే. ఒకడి బాబాయి ఆయనతో ఆడాడు, ఇంకొకడి ఇంటి వెనకే ఆయన ఇల్లు. నేను కూడా ఏదో కల్పించే ఉంటాను.

హబీబ్‌ది వింత కథ. మన ఊరి ఆటగాళ్లంతా ఉద్యోగం కోసం ఆడితే, ఆయన ఆట కోసం ఉద్యోగాలు వద్దన్నాడు. బ్యాంకులూ కంపెనీలూ పిలిచినా పోలేదు. ఆటే నా పని అన్నాడు. మన దేశంలో తొలి అసలైన వృత్తి ఫుట్‌బాలర్ అని అందుకే అంటారు. కలకత్తాలో ఆయన బడే మియా. 2023 ఆగస్టు 15న, జెండా పండుగ రోజే, ఇక్కడ హైదరాబాద్‌లో పోయాడు. కలకత్తా పత్రికలు ఆ మరుసటి రోజు కన్నీళ్లు పెట్టుకున్నాయి. మన ఊళ్లో ఆ స్థాయిలో సందడి నాకు కనిపించలేదు. చెప్పాలంటే కాస్త సిగ్గేసింది.

ఎందుకు పోయింది ఇదంతా? క్రికెట్ వచ్చి మింగేసిందని అందరూ సులువుగా అనేస్తారు. నాకు ఆ వాదన మీద ఎప్పుడూ పూర్తి నమ్మకం కుదరలేదు. ఫతే మైదాన్‌లో క్రికెట్ టెస్టు 1955లోనే జరిగింది, పాలీ ఉమ్రిగర్ డబుల్ సెంచరీ చేశాడు. అదే మైదానం, అదే కాలం, ఫుట్‌బాల్ అప్పుడే శిఖరం మీద ఉంది. మన ఊరి క్రికెటర్ జైసింహ ఆడుతున్నప్పుడు కూడా బార్కస్‌లో ఫుట్‌బాలే ఆడారు. అసలు దెబ్బ ఉద్యోగాల దగ్గర తగిలింది. క్రీడాకారుల కోటాలో తీసుకోవడం తగ్గింది, కొన్ని సంస్థలు జట్లను ఎత్తేశాయి, కొన్ని సంస్థలే మూతపడ్డాయి. జట్టుకు సొంత మైదానం లేదు, సొంత డబ్బు లేదు, సభ్యులు లేరు. కలకత్తాలో క్లబ్బు అంటే తాతలనాటి సభ్యత్వం, గొడవలు, ఎన్నికలు, చందాలు. మనకు క్లబ్బు అంటే ఒక శాఖ, ఆ శాఖలో ఆట ఇష్టపడే ఒక పెద్ద అధికారి. ఆయన బదిలీ అయితే జట్టుకు సగం ఊపిరి పోయినట్టే. మనం ప్రేమించిన జట్టు ఎన్నడూ మనది కాదు. పోలీసు జట్టుకైనా, హైదరాబాద్ ఎఫ్‌సీకైనా ఈ మాట వర్తిస్తుంది. మామయ్య దీన్ని ఒప్పుకునేవాడు కాదు. "జీతం ఎవరిచ్చారన్నది కాదు, చప్పట్లు ఎవరు కొట్టారన్నది చూడు" అనేవాడు. వినడానికి బాగుంటుంది. చప్పట్లతో జట్టు నిలవదు.

మధ్యలో ఆశపడ్డ సందర్భాలు లేకపోలేదు. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు మన ఊళ్లో పెట్టారు. ఫైనల్‌కు వెళ్దామని మేమంతా అనుకుంటుండగానే వానలు పట్టుకున్నాయి. మైదానం పనికిరాదని ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టగా తజికిస్తాన్‌ను 4-1తో ఓడించి, మనవాళ్లు ఆసియా కప్పుకు అర్హత సంపాదించారు. మేము టీవీలో చూశాం. అప్పటికే మా ఊరి ఫుట్‌బాల్‌కు ఢిల్లీ దారి అలవాటైపోయిందన్నమాట.

2022 మార్చి 20న మాత్రం మా అబ్బాయి అరుపులకు పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. గోవాలో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. గ్యాలరీ నిండా పసుపు రంగే, కాని అది మన పసుపు కాదు, కేరళ అభిమానులది. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. ఆట ముగియబోతుండగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బతో 1-1. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. అరవైల తర్వాత మొదటిసారి మన నగరం పేరున్న జట్టు దేశంలో పెద్ద కప్పు ఎత్తడం చూశాను. మామయ్య ఉంటే ఆ జట్టులో హైదరాబాదీలు ఎంతమంది అని అడిగి మా ఉత్సాహం మీద నీళ్లు చల్లేవాడు. అది న్యాయమైన ప్రశ్నే. రెండేళ్లు తిరగకుండానే డబ్బు కష్టాలు, ఆటగాళ్ల వలస, పట్టికలో అట్టడుగు. తర్వాత ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ మళ్లీ ఇక్కడే జరిగింది. ఏడాది ఆఖరి రోజు గచ్చిబౌలిలో ఫైనల్, బెంగాల్, కేరళ. ఆట చివర్లో రాబీ హన్స్‌దా గోల్‌తో బెంగాల్ గెలిచింది. నా పక్కన కూర్చున్న కుర్రవాళ్లు కేరళ నుంచి ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, డప్పులు తెచ్చుకున్నారు. మన జట్టు ఎన్నిసార్లు గెలిచిందని ఒకడు మర్యాదకు అడిగాడు. చెప్పాను. వాడు ఫోనులో వెతికి చూసుకుని మరీ నమ్మాడు. నగర శివార్లలో శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది, వాళ్లకు సొంత మైదానమూ ఉంది. ఐఎస్ఎల్ తర్వాతి మెట్టు అయిన ఐ-లీగులో 2022-23లో, 2023-24లో రెండో స్థానంలో నిలిచారు. సొంత మైదానం అన్న మాట నాకు కప్పు కన్నా ఎక్కువ నచ్చింది.

మామయ్య రిటైరయ్యాక ఒక వ్యాపకం పెట్టుకున్నాడు. నగరం తరఫున సార్వకాలిక జట్టు, పదకొండుమంది. పాత డైరీ వెనక కాగితాల్లో రాసి, కొట్టేసి, మళ్లీ రాసేవాడు. నేను వెళ్లినప్పుడల్లా చూపించేవాడు. గోల్‌లో తంగరాజ్, మధ్యలో నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్, ముందు బలరాం. ఎప్పుడు చూసినా హబీబ్ పేరు మాత్రం ఉండేది కాదు. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"సంతోష్ ట్రోఫీలో బెంగాల్ చొక్కా వేసుకుని ఆడినవాడు నా జట్టులో ఎలా ఉంటాడురా?" అన్నాడు.

"మరి బలరాం కూడా బెంగాల్‌కు ఆడాడు కదా మామయ్యా?"

"బలరాం సంగతి వేరు."

"ఎలా వేరు?"

మామయ్య డైరీ మూసి, వంటింటి వైపు తిరిగి, "వీడికి కాఫీ ఇచ్చారా లేదా?" అని కేకేశాడు.